మెషిన్ రూమ్‌లో తొమ్మిది నిమిషాలు

అయినా మెట్లు కట్టినవాడికి మోకాళ్లుండవా ఏమిటి అనుకున్నాడు కప్పీ ఎనిమిదో అంతస్తు మలుపు తిరుగుతూ, ఊళ్లో లిఫ్టులన్నీ బాగుచేసే మనిషే లిఫ్టు మొరాయించిన ప్రతిసారీ మెట్లెక్కి చావాలి, ఈ మాట సాయంత్రం అక్కకి చెబితే పడీపడీ నవ్వుతుంది, కళ్లడాక్టరు కళ్లజోడు కోసం వెతుక్కున్నట్టుందిరా తమ్ముడూ అంటుంది, అక్క ఈ మధ్యే మళ్లీ నవ్వడం మొదలుపెట్టింది, ఏడాదిన్నరపాటు ఆ ఇంట్లో గిన్నెల చప్పుడే తప్ప మనిషి గొంతు లేదు, అంతా తన చలవే, సరే ఇప్పుడా గోల దేనికి, భుజాన పనిముట్ల సంచీ, జేబులో మెషిన్ రూమ్ తాళంచెవి, కింద అయిదో అంతస్తు తలుపు దగ్గర మేస్త్రీ, నాలుగుకీ అయిదుకీ మధ్య ఇరుక్కున్న లిఫ్టు పెట్టెలో ఎవరో పెద్దావిడ, నువ్వు పైకెళ్లి చేత్తో తిప్పి పెట్టెని అయిదుకి తీసుకురారా కప్పీ, నేనిక్కడ తలుపు తీస్తాను అన్నాడు మేస్త్రీ, కప్పీ అన్నది అమ్మానాన్నా పెట్టిన పేరు కాదు, పనిలో చేరిన మొదటి రోజే తాడు నడిచే కప్పీలో వేలు ఇరికించుకున్నందుకు మేస్త్రీ పెట్టిన బిరుదు, పదమూడేళ్లయింది, అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినపడదు, తొమ్మిదో అంతస్తు, ఆస్పత్రి నుంచి వచ్చాక మూడు వారాలుగా కంపెనీ తనని వర్క్‌షాపులో కూచోబెట్టి పాత మోటార్లు తుడిపిస్తోంది, ఇవాళ ఇంకో మెకానిక్‌కి జ్వరం, మనిషి లేడు, అందుకని తనని పంపారు, పంపితే పంపారు, అన్ని బిల్డింగులూ వదిలేసి ఈ బిల్డింగుకేనా, పది, మెట్లు అయిపోయాయి, ఎదురుగా బూడిదరంగు ఇనుప తలుపు, దాని మీద ఎర్ర పెయింటుతో లోపలికి ఎవరూ రాకూడదు అని పెద్ద పెద్ద అక్షరాలు, ఆ అక్షరాలు రాసింది తనే, జనం భద్రత కోసం రాశావా శభాష్ అన్నాడు అప్పట్లో మేనేజరు.

జనం భద్రతా గాడిదగుడ్డూ, లోపల కూచుని తను ఏం చేసేవాడో ఎవరి కంటా పడకుండా రాసుకున్న బోర్డు అది, రెండు, అనుకున్నాడు తాళంచెవి దూరుస్తూ, ఇప్పుడు రెండు, ఈ అంకె వేసుకోవడం డాక్టరమ్మ నేర్పింది, మత్తుపొడి కావాలనే కోరిక ఎంతుందో సున్నా నుంచి పది దాకా నీకు నువ్వే మార్కులు వేసుకో, బడిలో ఎప్పుడూ రానన్ని మార్కులు వస్తాయి చూడు అంది మొదటి రోజు, నిజమే, మొదటి రోజు పదికి పది, క్లాసులో ఫస్టు, తలుపు కిర్రుమంది, లోపలి గాలి మొహానికి తగిలింది, వేడెక్కిన మోటారు, పాత గ్రీజు, దుమ్ము పట్టిన వైర్లు, కంట్రోల్ ప్యానెల్లో రిలే స్విచ్చి టక్ మంది, అంతే, ఆ ఒక్క టక్కుకి నాలుక కింద నీళ్లూరాయి, మోచేతి మడతలో చర్మం చీమ కుట్టినట్టు జిలజిలలాడింది, రెండు కాస్తా ఆరు అయింది, ఆరేమిటి, ఏడు, ప్యానెల్ వెనక, ఎడమ పక్క కింద, గోడలో ఒక ఇటుక వదులుగా ఉంటుంది, దాని వెనక నల్ల టేపు చుట్టిన చిన్న పొట్లం, ఎనిమిది నెలల కింద ఆస్పత్రికి తీసుకెళ్లే ముందు రోజు తన చేత్తో తనే దాచింది, అక్కకి తెలీదు, మేస్త్రీకి తెలీదు, డాక్టరమ్మకి అసలే తెలీదు, ఎక్కడెక్కడ తీసుకునేవాడివి అని ఆవిడ ఎన్నిసార్లు అడిగినా అద్దెగదిలోనండీ, అద్దెగదిలోనే అన్నాడు, పనిచేసే చోట అని చెబితే కంపెనీకి చేరుతుందని, ఉద్యోగం ఊడుతుందని, ఇప్పుడు ఆ అబద్ధం తీరిగ్గా కూచుని తనకేసి చూస్తోంది, రేపు శనివారం, వారం వారం చేసే మూత్రపరీక్ష రేపే, ఒక్కసారి తప్పితే చాలు, ఉద్యోగం పోతుంది, వైద్యం మొదటికొస్తుంది, మేనేజరు ముందు నిలబడి మా తమ్ముడికి నాదీ పూచీ అని సంతకం పెట్టిన అక్క మొహం ఎక్కడ పెట్టుకుంటుంది.

డాక్టరమ్మ గదిలో ఈ వాసన లేదు, అదీ తిరకాసు, అక్కడ ఫినాయిలు వాసన, తెల్ల బల్ల, బల్ల మీద అట్టపెట్టె, పెట్టెలో స్పూనూ లైటరూ ఖాళీ సిరంజీ, వీటికేసి చూస్తూ కూచో, కోరిక పెరుగుతుంది, పెరగనీ, నువ్వేం చెయ్యకు, దాని పని అది చేసుకుని దిగిపోతుంది అనేది, నిజంగానే దిగేది, మొదటి సారి నలభై నిమిషాలు పట్టింది, తర్వాత ఇరవై, తర్వాత పది, నాలుగో వారానికి స్పూను చూస్తే పెరుగు కలుపుకునే స్పూనంత అమాయకంగా కనిపించింది, తను కాలరెగరేశాడు, అయిదో వారం ఆయా సెలవు పెట్టింది, ఆ రోజు పెట్టె తెరిస్తే స్పూను అడుగంతా నల్లగా మసిపట్టి ఉంది, చూడగానే ఒళ్లంతా జలదరించి తొమ్మిదికి లేచింది, డాక్టరమ్మ కంగారుపడి ఆరా తీస్తే తేలిందేమిటంటే ఆవిడ రోజూ మసి పట్టించి పెట్టే స్పూనుని ఆయా రోజూ సబ్బు పెట్టి తళతళా తోమేస్తోంది, డాక్టరు గారి వస్తువు ఇంత మురిగ్గా ఉంటే ఎవరైనా ఏమనుకుంటారమ్మా, నాకు తలవంపులు కాదూ అంది మర్నాడు వచ్చి, డాక్టరమ్మ నవ్వలేక ఏడవలేక కుర్చీలో కూలబడింది, నాలుగు వారాలు కష్టపడి ఇతనికి తోమిన స్పూనంటే భయం లేకుండా చేశానన్నమాట అంది, తను పొట్ట పట్టుకుని నవ్వాడు, మళ్లీ ఒకటి నుంచి మొదలు, ఆయాకి మాత్రం పెట్టె ముట్టుకోకూడదని ఆర్డరు, ఆవిడ ఇప్పటికీ ఆ పెట్టె పక్కనుంచి వెళ్లినప్పుడల్లా చేతులు వెనక్కి కట్టుకుంటుంది.

ఇదంతా బుర్రలోని తలుపుల సంగతయ్యా అని ఆ రోజే డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్పింది, కణానికీ కణానికీ మధ్య సన్నటి సందు ఉంటుంది, ఇవతలి నుంచి కబురొస్తే అందుకోవడానికి అవతల చిన్న చిన్న తలుపులుంటాయి, రిసెప్టర్లంటాం, వాటిల్లో ఒక రకం మహా మొండిది, కబురు ఒక్కటే వస్తే తెరుచుకోదు, అదే క్షణానికి అవతలి కణం కూడా మేలుకుని ఉండాలి, రెండూ ఒకేసారి కలిస్తేనే తెరుచుకుంటుంది, అది తెరుచుకుంటేనే నువ్వు ఒకటి నేర్చుకున్నట్టు, అనగానే తను లేచి నిలబడ్డాడు, అదే కదండీ మా డోర్ లాకు, తలుపు సరిగ్గా మూసుకున్నట్టు కాంటాక్టు కలవాలి, లోపల బటనూ నొక్కాలి, రెండూ ఉంటేనే పెట్టె కదులుతుంది, ఒకటుండి ఒకటి లేకపోతే దేవుడొచ్చినా కదలదు అన్నాడు, ఆవిడ కలం కింద పెట్టి, రేపట్నుంచి నా కాలేజీ పిల్లలకి నువ్వొచ్చి చెప్పు అంది, అప్పుడు ఇచ్చింది తెల్ల మాత్ర, కోరిక తగ్గించే మందనుకున్నాడు తను, కాదంది ఆవిడ, ఆ మొండి తలుపుని కాస్త తేలిగ్గా తెరుచుకునేలా చేస్తుంది, అంతే, అందరికీ పనిచేస్తుందని నేనేమీ ఒట్టెయ్యను, ఇంకా పరీక్షలు జరుగుతున్నాయి, కానీ ఒక్కటి గుర్తుపెట్టుకో, కోరిక మూడుకో రెండుకో దిగాకే వేసుకోవాలి, ఎందుకండీ, ఎందుకంటే మీ లిఫ్టుకి మంచి అంతస్తూ చెడ్డ అంతస్తూ తెలుసా, ఏది నొక్కితే అక్కడికే పోతుంది కదా, ఇదీ అంతే, కోరిక దిగాక వేసుకుంటే దిగడాన్ని గట్టిగా అతికిస్తుంది, కోరిక తొమ్మిదిలో ఉన్నప్పుడు వేసుకున్నావో, ఆ తొమ్మిదినే అతికిస్తుంది, జాగ్రత్త.

ఆ మాత్ర ఇప్పుడు ప్యాంటు జేబులో ఉంది, ఈ వారం హోంవర్కు మాత్ర, అక్క పక్కనుండగా, ఒకప్పుడు పొడి కొనుక్కున్న పాత బస్టాపులో అరగంట నిలబడి ఇంటికొచ్చాక వేసుకోవాల్సింది, చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది, ఎనిమిది, మాత్ర వేసుకుంటే గుండెదడ తగ్గుతుందేమో అని ఒక తెలివితక్కువ ఆలోచన, మింగబోయేవాడిలా నోరు తెరిచాడు కూడా, తొమ్మిదినే అతికిస్తుంది అన్న మాట చెవిలో ఖంగుమంది, చెయ్యి బయటికి లాక్కున్నాడు, ఆ చెయ్యి ఊరుకుంటేగా, ప్యానెల్ కేసి చూపించింది, నాలుగడుగులు, ఇటుక, పొట్లం, ఒక్కసారి ఉందో లేదో చూద్దాం, ఊరికే చూడ్డానికేగా, ఊరికే చూడ్డం అన్న మాటతోనే పోయినసారి కూడా మొదలైంది, ఒక అడుగు వేశాడు, రెండోది వేశాడు, అప్పుడు గోడ మీద ఫోన్ గణగణమంది.

లిఫ్టు పెట్టెలోంచి వచ్చే ఫోన్ అది, తీయగానే ఆవిడ గొంతు, హలో, మెషిన్ రూమేనా, ఎవరు బాబూ మాట్లాడేది, మెకానిక్‌నమ్మా, కంగారుపడకండి, కంగారు నాకెందుకు బాబూ, ముప్పై రెండేళ్లు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో చేశాను, లైను కలిపి వినడమే నా పని, నీ గొంతే వణుకుతోంది, ఏమిటి కథ, మెట్లెక్కి వచ్చానండీ ఆయాసం, ఆయాసం గొంతు వేరు, ఇది ఆయాసం కాదు, సరేలే, ఫోన్ మాత్రం పెట్టెయ్యకు, లైను తెగితే నాకు చిరాకు, సరేనమ్మా అని స్పీకరు నొక్కి ఫోన్ పక్కన పెట్టాడు, మెయిన్ స్విచ్చి కిందికి దించాడు, ప్యానెల్లో దీపాలన్నీ ఆరిపోయాయి, రిలే చివరిసారి టక్ మంది, ఒళ్లు మళ్లీ జిల్లుమంది, తొమ్మిది, చేతి చక్రం తెచ్చి మోటారు ఇరుసుకి తగిలించాడు, ఎడమ చేత్తో బ్రేకు లివరు పట్టుకున్నాడు, రూలు ప్రకారం ఇద్దరుండాలి, ఒకడు బ్రేకుకి, ఒకడు చక్రానికి, ఇవాళ ఒక్కడే, బ్రేకు కొంచెం వదలాలి, కొంచెం తిప్పాలి, మళ్లీ పట్టాలి, ఎక్కువసేపు వదిలేస్తే తాడు రెండో కొసన వేలాడే బరువు పెట్టెని పైకి ఈడ్చుకుపోతుంది, ఎడమ చెయ్యి లివరు మీద, కుడి చెయ్యి చక్రం మీద, ఒక చుట్టు తిప్పితే లోపల పెట్టె రెండు వేళ్ల మందం లేస్తుంది, అయిదో అంతస్తుకి ఇంకా నిలువెత్తు దూరముంది, తాడు మీద పసుపు గీత వచ్చి మోటారు పీట మీది గీతకి ఎదురుగా నిలబడేదాకా రెండు చేతులూ ఖాళీ లేవు.

తొమ్మిది అన్నాడు పైకే, తొమ్మిదేమిటి బాబూ, నేనున్నది నాలుగుకీ అయిదుకీ మధ్య కదా, నన్నెక్కడికి తీసుకుపోతున్నావు అంది ఆవిడ, నవ్వొచ్చింది, ఆ పరిస్థితిలో కూడా నవ్వొచ్చింది, అది మీ లెక్క కాదమ్మా, నా లెక్క, నాకో పాత జబ్బుంది, అది ఎంతుందో అంకె వేసుకుంటాను, ఓహో ఇప్పుడు తొమ్మిదా, పదికా, పదికండీ, అయితే ఎక్కువేగా, ఎక్కువే, దానికి మందేమిటి, ఏమీ చెయ్యకుండా ఉండటమేనమ్మా మందు, భలే మందు, మా ఆయన జీవితమంతా అదే మందు వాడాడు అంది ఆవిడ, చక్రం ఒక చుట్టు, బ్రేకు, చక్రం ఇంకో చుట్టు, బ్రేకు, చెమట కంట్లోకి కారింది, తుడుచుకోవడానికి చెయ్యి లేదు, ఇటుక వీపు వెనకే ఉంది, అది తనని చూస్తున్నట్టుంది, వదిలెయ్, ఆవిడకేం కాదు, బ్రేకు వేసి ఒక్క నిమిషం వెళ్లి రా అని గ్రీజు వాసన చెబుతోంది, గ్రీజు వాసనకి ఇంత చక్కటి భాష ఎప్పుడొచ్చిందో, తొమ్మిదిన్నర, అమ్మా మాట్లాడండి అన్నాడు, ఏం మాట్లాడను, ఏదైనా, మీ ఎక్స్‌ఛేంజి సంగతి చెప్పండి, ఏముంది నాయనా, దూరాల నుంచి కాల్సు వచ్చేవి, తల్లీకొడుకులవీ మొగుడూపెళ్లాలవీ, మూడు నిమిషాలకో మారు మధ్యలో దూరి మూడు నిమిషాలైంది పొడిగించమంటారా అని అడగాలి, ఎంత ఏడుస్తున్నా ఎంత తిట్టుకుంటున్నా అడగాల్సిందే, ఇదిగో గడియారం చూస్తున్నాను, నీకూ మూడు నిమిషాలైంది, పొడిగించమంటావా, పొడిగించండమ్మా అన్నాడు కప్పీ పళ్లు బిగించి.

రెండో మూడు నిమిషాల్లో ఎక్కడో, చక్రం ఇరవయ్యో చుట్టులోనో ముప్పయ్యో చుట్టులోనో, ఆవిడ తన ఆడపడుచు గురించి చెబుతోంది, ఫోన్లో వేరే వాళ్ల కబుర్లు విని మొగుణ్ణి అనుమానించిన ఆడపడుచు, ఆ మొగుడు నిజంగానే రహస్యంగా ఫోన్ చేసేవాడట, ఎవరికంటే పేకాట నేర్పే మనిషికి, పెళ్లాం చేతిలో రోజూ ఓడిపోలేక, తను హా హా అని నవ్వాడు, చేతులు బ్రేకూ చక్రమూ చక్రమూ బ్రేకూ అంటూ వాటి లయలో అవి పోతున్నాయి, మేస్త్రీ పదమూడేళ్ల కింద ఈ చక్రం మీదే తన చెయ్యి పట్టుకుని తిప్పించాడు, బలం కాదురా ఓపిక, తాడుని చూడు, గీతని చూడు అనేవాడు, గీతని చూశాడు, జానెడు దూరంలో ఉంది, మూడు నిమిషాలైంది పొడిగించమంటావా అంది గొంతు, పొడిగించండి అన్నాడు, నీ అంకె ఎంతకొచ్చింది అంది, చూసుకున్నాడు, ఆశ్చర్యంగా చూసుకున్నాడు, జేబులో వెతుక్కున్నట్టు లోపల వెతుక్కున్నాడు, అయిదండీ, ఇందాక తొమ్మిదన్నావుగా, అవునండీ ఇప్పుడు అయిదు, ఏం చేశావు, ఏం చెయ్యలేదండీ మిమ్మల్ని పైకి తెస్తున్నాను అంతే, గ్రీజు వాసన అలాగే ఉంది, మోటారు వేడి అలాగే ఉంది, ఇటుక అక్కడే ఉంది, కోరిక మాత్రం మెట్లు దిగుతున్న మనిషిలా ఒక్కో అంకే దిగుతోంది, నాలుగు, పసుపు గీత వచ్చి పీట మీది గీతకి సరిగ్గా ఎదురుగా నిలబడింది, బ్రేకు బిగించాడు, మూడు, ఫోన్లో కింద తలుపు తెరుచుకున్న చప్పుడు, మేస్త్రీ గొంతు, జాగ్రత్తమ్మా గడప, ఆవిడ గొంతు, ఉండవయ్యా, పైనున్న అబ్బాయికి ఒక మాట చెప్పాలి, బాబూ, తొమ్మిది నిమిషాలైంది, ఇక లైను తీసేయమంటావా, తీసెయ్యండమ్మా, రెండుకొచ్చింది అన్నాడు.

చక్రం విప్పి గోడకి తగిలించి నేలమీద చతికిలబడ్డాడు, మెయిన్ వెయ్యలేదు, వెయ్యాలి, వేస్తే రిలే మళ్లీ టక్ మంటుంది, లేచి వేశాడు, టక్ మంది, వింటూ నిలబడ్డాడు, రెండు, రెండే, అప్పుడు మాత్ర తీసి నీళ్లు కూడా లేకుండా మింగాడు, గొంతులో చేదుగా దిగింది, అతికించు తల్లీ, ఈ రెండుని గట్టిగా అతికించు అనుకున్నాడు, మెట్ల మీద రొప్పుతూ మేస్త్రీ వచ్చాడు, ఏరా ఆవిడ నీకు సంబంధం చూస్తానంటోంది, ఏం మాట్లాడావురా అంత, అన్నాడు, బాబాయ్ ఒక పని చేసిపెట్టు అన్నాడు తను, ప్యానెల్ వెనక ఎడమ పక్క వదులు ఇటుక ఉంది, దాని వెనకో పొట్లముంది, నేను ముట్టుకోకూడదు, నువ్వు తీసుకెళ్లి టాయ్‌లెట్లో పోసి నీళ్లు కొట్టేసెయ్, నన్నేం అడక్కు, సాయంత్రం అంతా చెబుతాను, మేస్త్రీ కదల్లేదు, మీసం దువ్వుకున్నాడు, అక్కడేం లేదురా అన్నాడు, ఉంది బాబాయ్, నేనే పెట్టాను, లేదురా, నువ్వు ఆస్పత్రిలో చేరిన మర్నాడే నేనొచ్చి తీసేశాను, ఎలకలమందు అనుకుని తీశానని చెబుదామనుకున్నాను, తీరా చెప్పేసరికి అబద్ధం రావడంలేదు, తెలిసే తీశాను, బ్రేకు మీద నీ చెయ్యి వణికినప్పుడే తెలిసింది, ఇటుక కింద రాలిన సున్నం చోటు పట్టిచ్చింది, పనిచోటే తీసుకున్నావని కంపెనీకి చెబితే నిన్ను పీకేస్తారు, నీకు చెబితే సిగ్గుతో నువ్వే మానేస్తావు, పదమూడేళ్లు నేర్పుకున్నవాణ్ణి పోగొట్టుకుంటానా అన్నాడు, వేళ్లు పెట్టి ఇటుక లాగి చూపించాడు, ఖాళీ సందు, కాస్త సున్నం రజను, ఒక సాలెగూడు.

కప్పీ ఆ ఖాళీ సందుకేసి చాలాసేపు చూశాడు, తొమ్మిదిన్నర దాకా ఎగిరిన కోరిక దీనికోసమా, ఇక్కడ ఏమీ లేదు, ఎనిమిది నెలలుగా ఏమీ లేదు, మరి నాలుక కింద నీళ్లు దేనికూరాయి, చర్మం దేనికి జిలజిలలాడింది, టక్కుమన్న చప్పుడుకి, గ్రీజు వాసనకి, అంటే పొట్లం గోడలో లేదు, బుర్రలోని ఆ మొండి తలుపు వెనక ఉంది, అక్కడికి మేస్త్రీ చెయ్యి పోదు, అక్క చెయ్యి పోదు, అక్కడికి పోయేది పాఠం ఒక్కటే, ఇవాళ పోయింది కూడా, వెంటనే డాక్టరమ్మకి ఫోన్ చేశాడు, డాక్టర్ గారూ మీకు అబద్ధం చెప్పానండీ, అద్దెగదిలోనే కాదు మెషిన్ రూముల్లో కూడా తీసుకునేవాణ్ణి, ఆవిడ తిడుతుందనుకున్నాడు, ఎన్ని మెషిన్ రూములయ్యా అని మాత్రం అడిగింది, పదకొండండీ, ఇవాళ ఒకటైంది, ఎంతదాకా లేచింది, తొమ్మిదిన్నరండీ, ఎంతకి దిగింది, రెండు, మాత్ర ఎప్పుడేసుకున్నావు, రెండయ్యాకేనండీ, అమ్మయ్య అని గట్టిగా ఊపిరి వదిలింది, నేనేమో తెల్లబల్ల ముందు కూచోబెట్టి తోమిన స్పూనుతో కుస్తీ పట్టిస్తున్నాను, ఈ మాట మొదటే చెప్పుంటే పాఠం అక్కడే పెట్టేదాన్ని కదయ్యా, రేపు పరీక్ష అయ్యాక రెండో బిల్డింగుకి నేనూ వస్తాను, ఒంటరిగా మాత్రం పోకు, లిఫ్టు పనిచేస్తుందా అక్కడ, నా మోకాళ్లు అంతంతమాత్రం, చేస్తుందండీ, చెయ్యకపోతే నేనున్నానుగా అన్నాడు, ఆవిడ నవ్వింది, మేస్త్రీ నవ్వాడు, ఇంకా పది గదులు, పది వాసనలు, ఒక్కోదానిలో మళ్లీ తొమ్మిది దాకా లేవడం, మళ్లీ దిగడం, ఆ తర్వాత కూడా మర్చిపోకుండా మళ్లీ మళ్లీ రావడం, నిన్నటిదాకా ఈ మళ్లీ అన్న మాటంటే గుండె జారిపోయేది, ఎప్పటికి బాగవుతానండీ అని డాక్టరమ్మ ప్రాణం తీసేవాడు, బాగైపోయాక ఇక వెనక్కి చూడక్కర్లేని రోజొకటి ఉంటుందని, ఆ రోజు రాలేదంటే తను చెడిపోయిన సరుకేనని అనుకునేవాడు, ఇప్పుడు మేస్త్రీ ప్యానెల్ తలుపు మూసి, అక్కడ వేలాడుతున్న సర్వీసు కార్డు మీద ఇవాళ్టి తేదీ వేసి సంతకం పెట్టమని కలం అందిస్తే, కార్డు నిండా నెలనెలా పెట్టిన సంతకాలు, పదమూడేళ్లవి, చూస్తూ చూస్తూ కప్పీకి అర్థమైంది, తన చేతుల్లో ఉన్న లిఫ్టుల్లో ఒక్కదాన్నయినా తను ఒకేసారి, శాశ్వతంగా బాగుచేసింది లేదు, నెలనెలా వచ్చి చూసుకున్నాడు, అవి ఎక్కాయి, దిగాయి, జనాన్ని ఇళ్లకి చేర్చాయి, మళ్లీ రావాల్సి వచ్చిందని ఏ లిఫ్టునీ చెడిపోయిన సరుకని అనలేదు, తననీ అలాగే చూసుకోవాలి, ఆ పని తనకి వచ్చు.